బల్ల దగ్గర ఎవరు నిలబడాలి?
డీకన్ల నియమాల సవరణపై ఒక విమర్శ

ఒంగోలు ప్రాంతంలోని ఒక పట్టణ బాప్టిస్టు సంఘం తన నియమావళిని సవరించుకునే పనిలో ఉంది. నాలుగు పేజీల ముసాయిదా తయారుచేసి, ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పంచిపెట్టారు. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా రాసివ్వమన్నారు. ఆ నాలుగు పేజీల్లో మూడు పేజీలు డీకన్ల గురించే. ఎవరు డీకను కావచ్చు, ఎవరు కాకూడదు, డీకన్ల బోర్డుకు ఏయే అధికారాలుంటాయి అనేది విషయం. మేం ఆ సంఘ సభ్యులం. చదివాం, అభ్యంతరాలు రాసిచ్చాం. జవాబు కాగితం మీద రాలేదు. "చదువుకున్నోళ్లయ్యుండి మీరే సంఘాన్ని చీలుస్తారేందయ్యా" అని ఒక పెద్దాయన మాత్రం నిష్ఠూరమాడాడు.

ఇది ఒక సంఘం ఇంటి గొడవ మాత్రమే అయితే పత్రికకెక్కించాల్సిన పనిలేదు. సంఘం పేరు కూడా అందుకే రాయడం లేదు. మా ప్రశ్న వేరు. దళితులు తమ చేతుల్లో ఉన్న సంస్థకు తామే నియమాలు రాసుకునేటప్పుడు, ఆ నియమాలు ఎవర్ని లోపలికి పిలుస్తున్నాయి, ఎవర్ని గుమ్మం దగ్గరే ఆపుతున్నాయి? ఊరి గుడి కమిటీలోకి రానివ్వని మనిషి పల్లెలో చర్చికి డీకను అయ్యాడు. చేతులెత్తి ఎన్నుకోవడం, లెక్క అడగడం, తీర్మానం రాయడం మా పెద్దవాళ్లు మొదట నేర్చుకున్నది చర్చి మీటింగుల్లోనే. కాబట్టి డీకను నియమం మారడమంటే పల్లె రాజకీయం మారడమే.

డీకను అంటే అన్ని చర్చిల్లో ఒకటి కాదు. కతోలిక శ్రీసభలో డీకను అభిషేకం పొందినవాడు. అక్కడ ఆ పదవి శతాబ్దాల తరబడి గురువు కావడానికి ముందు మెట్టుగానే మిగిలిపోయింది. 1967లో ఆరో పౌలు పోపు శాశ్వత డీకన్ల పద్ధతిని తిరిగి తెచ్చాడు. 2009లో పదహారో బెనెడిక్టు పోపు శ్రీసభ చట్టంలోని 1008, 1009 నిబంధనలను సవరించి, డీకను పని ఆరాధన, వాక్యం, దానధర్మాల సేవ అని, బిషప్పుల, గురువుల అధికారం నుంచి దాన్ని వేరుచేశాడు. 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ.లో డీకను సాధారణంగా ప్రెస్బిటరు కాబోయే మనిషి. బాప్టిస్టుల్లో అట్లా కాదు. ఇక్కడ డీకను సంఘం ఎన్నుకున్న మామూలు సభ్యుడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం అందించేది అతనే. కానుకలు లెక్కపెట్టేది, బీదల నిధి పంచేది, పాస్టరు జీతం సంగతి చూసేది కూడా అతనే. బల్లా అతని చేతిలోనే, బీరువా తాళమూ అతని చేతిలోనే.

"వాక్యంలో ఉన్న పదవి, దాని జోలికి పోకూడదు" అనే వాదన కాబట్టి నిలవదు. రోమ్ నుంచి మన పేట దాకా డీకను నియమాలు మారుతూనే వచ్చాయి. మార్పు తప్పు కాదు. ఎవరికోసం మారుతున్నదో అడగకపోవడమే తప్పు.

ఈ ముసాయిదాలో మంచి లేదని మేం అనడం లేదు. ఇప్పటిదాకా ఒకసారి డీకను అయితే చనిపోయేదాకా డీకనే. ఇకమీదట మూడేళ్ల కాలపరిమితి పెట్టారు. కానుకలు ముగ్గురు కలిసి లెక్కపెట్టి సంతకాలు చేయాలన్నారు. ఏటా ఆడిట్ జరగాలన్నారు. ఇవన్నీ ఎప్పుడో రావాల్సినవి. మా పేచీ అర్హతల పేరుతో పెట్టిన నాలుగు నిబంధనలతో. వాటిని చూసేముందు ఈ పదవి ఎక్కడ పుట్టిందో గుర్తుచేసుకోవాలి.

ఫిర్యాదులో పుట్టిన పదవి

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం అందరికీ తెలిసిందే. యెరూషలేములోని తొలి సంఘంలో రోజూ భోజనం పంచేవాళ్లు. గ్రీకు మాట్లాడే యూదుల విధవరాళ్లను ఆ పంపకంలో చిన్నచూపు చూశారు. వాళ్ల మనుషులు హెబ్రీయుల మీద సణిగారు. పేచీ సిద్ధాంతం గురించి కాదు. ఎవరి విస్తట్లో కూడు పడింది, ఎవరి విస్తట్లో పడలేదు అనేదే పేచీ.

అప్పుడు అపొస్తలులు ఏం చేశారు? సణిగినవాళ్లను సంఘం చీల్చేవాళ్లు అనలేదు. అందర్నీ పిలిచి, ఏడుగుర్ని మీరే ఎన్నుకోండి అన్నారు. ఎన్నికైనవాళ్లు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. చివరి మనిషైతే పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదు మతంలో చేరినవాడు. గ్రీకు పేరు హెబ్రీయులకూ ఉండొచ్చు, నిజమే. కానీ ఏడుకు ఏడూ అట్లా ఉన్నాయంటే, అన్యాయం జరిగిందన్న పక్షానికే పంపకం అప్పగించారని చాలామంది బైబిలు పండితులు అర్థం చేసుకున్నారు. మాకూ అదే సబబుగా కనిపిస్తోంది.

ఆ అధ్యాయంలో ఈ ఏడుగురికి డీకన్లు అనే బిరుదు లేదు. అది తర్వాతి సంఘం పెట్టుకున్న పేరు. అయినా ప్రతి డీకను అభిషేకం నాడూ ఈ కథే చదువుతారు. చదివేటప్పుడు విధవరాళ్ల ఫిర్యాదును ఒక వాక్యంలో దాటేసి, "మంచిపేరు పొందినవాళ్లు" అనే మాట దగ్గర అరగంట ఆగుతారు. కథలో మొదట వచ్చింది ఆకలి. యోగ్యత మాట ఆ తర్వాతే వచ్చింది.

ఇంకో సంగతి. బల్లల దగ్గర సేవకు పెట్టిన ఈ మనుషులు బల్లల దగ్గరే ఉండిపోలేదు. స్తెఫను మహాసభ ముందు నిలబడి సుదీర్ఘంగా వాదించి రాళ్ల దెబ్బలకు చనిపోయాడు. ఫిలిప్పు సమరయకు పోయి ప్రకటించాడు. వాక్యం మాది, వడ్డన మీది అనే విభజనను ఆ ఇద్దరే చెరిపేశారు.

సేవ అనే మాటతో జాగ్రత్త

ముసాయిదా ముందుమాటలో "డీకను అధికారి కాదు, సేవకుడు" అని రాశారు. వినడానికి బాగుంది. కానీ ఈ మాట పలికేవాణ్ని బట్టి అర్థం మారుతుంది. భూమి, చదువు, పరపతి ఉన్నవాడికి సేవకుడివి కమ్మని చెబితే అది వినయం. మా తాతల తరం చేసిన సేవకు పేరు వెట్టి. చచ్చిన గొడ్డును మోసినవాడికి, డప్పు భుజానేసుకుని ఊరంతా చాటింపు వేసినవాడికి సేవ గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. వాడికి లేనిది అధికారం.

జాన్ ఎన్. కాలిన్స్ అనే పండితుడు 1990లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన తన 'డయకోనియా' గ్రంథంలో పాత గ్రీకు రచనలన్నీ గాలించి, ఆ మాటకు దీనమైన ఊడిగం అనే అర్థం ప్రధానం కాదని వాదించాడు. ఒకరు అప్పగించిన పనిని, వాళ్ల తరఫున, వాళ్లిచ్చిన అధికారంతో నెరవేర్చే మనిషి అనేది ఆయన తేల్చిన అర్థం. ఈ వాదన మీద చర్చ ఉంది. కానీ దళితులకు ఇది పనికొచ్చే వాదన. డీకను వెట్టివాడూ కాదు, మోతుబరీ కాదు. సంఘం పంపిన మనిషి. పంపినవాళ్లకు లెక్క చెప్పాల్సిన మనిషి. ఈ అర్థంలోంచి నాలుగు నిబంధనలనూ చూద్దాం.

నాలుగు నిబంధనలు

మొదటిది రసీదు. మూడేళ్లు ఎడతెగకుండా దశమభాగం చెల్లించినట్టు రసీదులు చూపినవాళ్లే డీకను పదవికి పోటీ చేయాలి. నెల జీతం వచ్చేవాడికి ఇది సులువు. పొగాకు బేరన్లకు, మిరప కోతలకు పోయే కూలికి ఏ నెల ఎంత వస్తుందో వాడికే తెలియదు. అసలు మా సంఘాలు నిలబడింది రసీదుల మీద కాదు, పిడికెడు బియ్యం మీద. పొద్దున్నా సాయంత్రం ఎసట్లో పోసేముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేవాళ్లు, ఆదివారం దాన్ని మూటగట్టి తెచ్చేవాళ్లు. ఇప్పటికీ తెచ్చేవాళ్లున్నారు. ముసాయిదా చదివి వినిపిస్తే ఒక ముసలామె, "బియ్యానికి రసీదెవరిస్తారు నాయనా" అనడిగింది. మా దగ్గర జవాబు లేదు.

రెండోది చదువు. పదో తరగతి పాసై ఉండాలి. లెక్కలు రాయడానికి చదువు కావాలి, ఒప్పుకుంటాం. అందుకు లెక్కలు రాసే కార్యదర్శి ఒకడు చాలు, ప్రతి డీకనూ మెట్రిక్యులేటు కానక్కర్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది మా సంఘాలన్నీ గర్వంగా చెప్పుకునే రోజు. కరువు ఇంకా కళ్లముందున్న రోజులవి. నీళ్లలో దిగినవాళ్లలో అత్యధికులు మాదిగలు, అక్షరాలు రానివాళ్లు. వాళ్లకు బాప్తిస్మం ఇచ్చింది కూడా మిషనరీ క్లౌ కాదు, తెలుగు బోధకులే. ఏటా ఆ రోజును పండగ చేసుకుంటూ, ఆ 2,222 మందిలో డీకను కాదగ్గవాళ్లు దాదాపు ఎవరూ లేరని చెప్పే నియమం రాసుకోవడం ఏం న్యాయం?

మూడోది అన్నింటికంటే ప్రమాదకరం. ప్రభుత్వ రికార్డుల్లోనూ తాను క్రైస్తవుణ్నేనని డీకను అభ్యర్థి అఫిడవిట్ ఇవ్వాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే కట్టిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దారి తెరిచారు. క్రైస్తవ దళితులకు తెరవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లను బీసీ-సీ కింద చేర్చారు. క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అంది. పదేళ్లుగా పాస్టరుగా ఉన్న మనిషికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఇట్లాంటి కాలంలో సంఘమే తన సభ్యుల చేత అఫిడవిట్లు రాయించుకుని బీరువాలో పెడితే, ఆ కాగితం రేపు ఎవరి చేతికి పోతుంది?

దీన్ని సమర్థించేవాళ్లు, డీకను రెండు మాటల మనిషి కాకూడదని తిమోతి పత్రికలో ఉంది గదా అంటున్నారు. తేలికగా తోసేయాల్సిన మాట కాదది. ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు అనే బతుకు మాకూ బాధే. కానీ ఆ రెండు మాటలు పుట్టించింది ఎవరు? కులం చర్చి గుమ్మం దాకానే వచ్చి ఆగిపోతుందని అబద్ధమాడిన చట్టం. ఏటా ఆగస్టు 10న ఆ ఉత్తర్వుకు నిరసనగా నల్లబ్యాడ్జీలు పెట్టుకుంటున్నాం. మిగతా రోజుల్లో అదే ఉత్తర్వును మన నియమావళిలోకి తెచ్చి మనవాళ్ల మీదే అమలుచేస్తామా? ఈ అఫిడవిట్ మీద ఎవరు సంతకం పెట్టగలరు? ఉద్యోగం అయిపోయి, పిల్లలు స్థిరపడి, ఇక ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేనివాళ్లు. కూతురికి హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్పు కావాల్సిన కూలి పెట్టలేడు. నిజాయితీ పరీక్ష అని పేరు పెట్టారు గానీ, ఇది కలిగినవాడికి తీసిన దొడ్డిదారి.

నాలుగోది స్త్రీలు. స్త్రీల సమాజం నుంచి ఒకరిని "ప్రత్యేక ఆహ్వానితురాలు"గా పిలుస్తారు. ఓటుండదు. రోమా పత్రిక చివరి అధ్యాయంలో ఫీబేకు పౌలు వాడిన గ్రీకు మాట, మగ డీకన్లకు వాడిన మాటే. మన తెలుగు బైబిలూ ఆమెను పరిచారకురాలనే అంది. 2013లో సి.ఎస్.ఐ. నంద్యాలకు ఎగ్గోని పుష్పలలితను బిషప్పుగా అభిషేకించింది. పక్క సంఘంలో ఒక స్త్రీ బిషప్పు కాగలిగినప్పుడు, మన సంఘంలో విధవరాళ్ల కోసం పుట్టిన పదవిలో ఒక విధవరాలికి ఓటెందుకు లేదు?

మనవాళ్లు రాసిన ముసాయిదా

ఈ నిబంధనల్ని అగ్రవర్ణాలవాళ్లు వచ్చి రాయలేదు. రాసింది మనవాళ్లే. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన గుమాస్తాలు. మేం కూడా ఆ మెట్టు ఎక్కుతున్నవాళ్లమే. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. రేపు ఈ అర్హతలన్నీ మాకుంటాయి, పల్లెలో మాకు చదువు చెప్పించిన మేనత్తకుండవు. బ్రాహ్మణీయతను బయట వెతికినంత శ్రద్ధగా మన నియమావళిలో వెతకకపోతే, చదువు జంధ్యం అవుతుంది, రసీదు గోత్రం అవుతుంది.

మా ప్రతిపాదనలు ఇవి. కాలపరిమితి, ఆడిట్ నిబంధనల్ని ఉన్నదున్నట్టు ఆమోదించాలి. రసీదు, పదో తరగతి, అఫిడవిట్ నిబంధనల్ని పూర్తిగా తీసేయాలి. బాప్తిస్మ రిజిస్టరులో పేరు, సంఘం ఓటు, ఈ రెండే అర్హతలు కావాలి. డీకన్లలో సగం మంది స్త్రీలుండాలి, వాళ్లలో కనీసం ఒకరు విధవరాలై ఉండాలి. బీదల నిధి నుంచి సాయం పొందుతున్నవాళ్లు ఆ నిధి పంచే బోర్డులో కూర్చోవాలి. సాయం తీసుకునేవాడు సాయం పంచడానికి తగడు అనేవాళ్లు ఆరో అధ్యాయం మళ్లీ చదవాలి. ఏడాదికి రెండుసార్లు సర్వసభ్య సమావేశంలో డీకన్లు నిలబడి నోటితో లెక్క చెప్పాలి, చదువు రానివాళ్లూ వినేటట్టు.

ఈ ప్రతిపాదనల కాగితాన్ని ఇంటింటికీ తీసుకుపోయి చదివి వినిపిస్తున్నాం. ఒప్పుకున్నవాళ్లు కింద గుర్తు వేస్తున్నారు. ఇప్పటిదాకా పడ్డవాటిలో సంతకాలకంటే వేలిముద్రలే ఎక్కువ. ముసాయిదా యథాతథంగా నెగ్గితే ఆ వేలిముద్రల్లో ఒక్కటీ రేపు బల్ల దగ్గర రొట్టె పట్టుకోదు. సర్వసభ్య సమావేశంలో ఆ కాగితాన్నే చదవబోతున్నాం.