తీగ తెగితే మోటర్ ఆగాలి

హైదరాబాద్‌లోని సైదాబాద్ అపార్ట్‌మెంట్లలో నీళ్లకు రెండు మజిలీలు. నల్లా నీళ్లు వచ్చి ముందు సంపులో పడతాయి, అక్కణ్ణుంచి మోటర్ వాటిని టెర్రస్ మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. నల్లా రోజంతా ఉండదు కాబట్టి వచ్చినప్పుడే సంపు నింపుకోవాలి, ఉన్నంతలో పైకి ఎక్కించుకోవాలి. ఈ రెంటి నడుమ చాలా ఏళ్లు కాపలా కాసింది వాచ్‌మన్ చెవి. ట్యాంకు నిండి నీళ్లు కిందికి దూకే చప్పుడు వినపడగానే వెళ్లి మోటర్ బంద్ చేసేవాడు. నిద్ర పట్టిన రాత్రి గల్లీ అంతా తడిసేది. ఇప్పుడు ఆ కాపలా గోడకు బిగించిన చిన్న పెట్టెది. నీటిమట్టం చూసి మోటర్‌ను నడిపి ఆపే ఆ పెట్టెను అమర్చడంలో ఉన్న పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

పొర్లిపోయేవి ఏ నీళ్లో ముందు గుర్తుచేసుకోవాలి. తూర్పు హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ జలాశయం నుంచి వస్తాయి. 2004లో మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది పూర్తయ్యాయి. కోదండాపురంలో శుద్ధి చేసి, మజిలీ మజిలీకీ ఎత్తిపోస్తూ సాహెబ్‌నగర్ రిజర్వాయర్లకు చేరుస్తారు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. మనం ఉన్నది సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున. వెయ్యి లీటర్లను 300 మీటర్లు పైకి లేపాలంటే, పంపుల నష్టం కూడా కలుపుకుంటే, ఒక యూనిట్ కరెంటుకు తక్కువ కాదు. అంత దూరం, అంత ఎత్తు ఎక్కి వచ్చిన నీటిని ఒక హార్స్‌పవర్ మోటర్ నాలుగంతస్తుల పైకి గంటకు నాలుగైదు వేల లీటర్లు తోడుతుంది. ట్యాంకు నిండాక అరగంట వదిలేస్తే రెండు వేల లీటర్లకు పైగా మోరీ పాలు.

మట్టం చూసి తనంతట తాను పనిచేసే ఏర్పాటు మన నేలకు కొత్త కాదు. తెలంగాణ పల్లెల్లో ప్రతి చెరువుకూ మత్తడి ఉంటుంది. నీళ్లు నిండు మట్టం దాటగానే మత్తడి దుంకి పారతాయి, కట్ట నిలుస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న సరూర్‌నగర్ చెరువు 1626 నాటిదని చెబుతారు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను కాపాడే పథకం గీసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, అంతకుముందే 1903లో పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో మట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టించారు. ఆయన సలహాతోనే గండిపేట ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మత్తడిలో తెగే తీగ లేదు, కాలిపోయే కాయిల్ లేదు. టెర్రస్ మీది ట్యాంకుకు ఆ భాగ్యం లేదు, దాని మట్టం తెలిపేది తీగే. పనివాడి తెలివంతా ఆ తీగ చుట్టూ తిరుగుతుంది.

మామూలు పెట్టెలో జరిగేది ఇంతే. ట్యాంకులోకి మూడు స్టీలు రాడ్లు దింపుతారు: అడుగు దాకా ఒకటి, నడుమ ఒకటి, అంచు దగ్గర ఒకటి. నీళ్లు అంచు రాడ్‌ను తాకగానే అడుగు రాడ్‌కూ దానికీ మధ్య నీటి గుండా కొద్ది కరెంటు పారుతుంది. ఒక ట్రాన్సిస్టర్ దాన్ని పెంచి రిలే కాయిల్‌కు ఇస్తుంది. టిక్కుమని రిలే లాక్కుంటుంది, మోటర్ ఆగుతుంది. ఇక్కడొక చక్కటి ఉపాయం ఉంది. రిలే లాక్కున్నప్పుడు దాని రెండో కాంటాక్టు నడిమి రాడ్‌ను కూడా ఆ దారిలో కలిపేస్తుంది. అందుకే నీళ్లు అంచు నుంచి బెత్తెడు దిగినా రిలే వదలదు, నడిమి రాడ్ బయటపడేదాకా పట్టుకునే ఉంటుంది. ఇది లేకపోతే ఎవరో బకెట్ నింపుకున్న ప్రతిసారీ మోటర్ ఆన్, ఆఫ్ అవుతూ కాలిపోయేది. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే ఈ రిలే 1835 నాటికే అమెరికాలో జోసెఫ్ హెన్రీ చేతిలో రూపం దిద్దుకుంది, టెలిగ్రాఫ్‌తో ఊళ్లు దాటింది. ఇవాళ కోఠి గుజరాతీ గల్లీలో ఏ దుకాణం ముందు నిలబడి అడిగినా దొరుకుతుంది.

ఇదంతా బాగానే పనిచేస్తుంది, అన్నీ బాగున్నంత కాలం. మంచి పనివాణ్ణి గుర్తుపట్టేది అక్కడి నుంచే. అతను మొదట వేసుకునే ప్రశ్న: ఈ తీగ తెగితే ఏమవుతుంది?

పై ట్యాంకు రాడ్ తీగ తెగితే కరెంటు పారదు. పెట్టెకు అది 'ట్యాంకు ఖాళీ' అని వినిపిస్తుంది. మోటర్ నడుస్తూనే ఉంటుంది, ట్యాంకు పొర్లుతూనే ఉంటుంది. అదే సంపులో రాడ్ తీగ తెగితే 'సంపు ఖాళీ' అని అర్థమై మోటర్ ఆగుతుంది, నష్టం లేదు. తీగ అదే, తెగడమూ అదే. ఒకచోట క్షేమం, ఒకచోట ప్రమాదం. రెండుచోట్లా ఒకే రకం రాడ్లు దింపి వెళ్లిపోయేవాడు ఈ తేడా ఆలోచించలేదన్నమాట.

ఆలోచించినవాడు పై ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ వేస్తాడు. దాని కేబుల్లో మూడు వైర్లుంటాయి. ఒక జత ఫ్లోట్ తేలినప్పుడు కలుస్తుంది, ఇంకో జత వేలాడినప్పుడు కలుస్తుంది. పై ట్యాంకుకు వేలాడితే కలిసే జత తీసుకుంటాడు, సంపుకు తేలితే కలిసే జత. రెంటినీ వరసగా ఒకే దారిలో రిలే కాయిల్‌కు కలుపుతాడు. సంపులో నీళ్లుండాలి, పైన ఖాళీ ఉండాలి. అప్పుడే కాయిల్‌కు కరెంటు అందుతుంది, మోటర్ కదులుతుంది. ఎలుక ఏ తీగ కొరికినా, కాయిల్ కాలినా, ట్రాన్స్‌ఫార్మర్ పోయినా జరిగేది ఒక్కటే: మోటర్ ఆగిపోతుంది. పొద్దున కుళాయిలో నీళ్లు రాకపోతే ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. అర్ధరాత్రి పొర్లితే చూసేవాళ్లుండరు. ఈ ఒక్క నిర్ణయాన్ని నేను ఆ పనిలోకెల్లా గొప్పదంటాను, దానికి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు.

సైదాబాద్‌లో ఒక టెర్రస్ మీద ఈ పని ముగింపు చూశాను. మోటర్ నడుస్తుండగా మేస్త్రి జంక్షన్ బాక్స్ తెరిచి ఒక వైరు ఊడదీశాడు.

"అన్నా, తీగ ఊడింది!" అన్నాడు వాచ్‌మన్.

"ఊడలే తమ్మీ, నేనే పీకిన. మోటర్ ఆగిందా, చూడు."

"ఆగింది అన్నా."

మళ్లీ బిగించి, ఇంకో వైరు పీకాడు. అలా అన్నీ అయ్యాకే ట్యాంకు మూత వేశాడు. నీళ్లు నిండితే ఆగుతుందని చూపించడం అందరూ చేసేదే. ఒక్కో వైరూ పీకి చూపించేవాళ్లు అరుదు.

చేతిపని కూడా చూడదగ్గదే. ట్యాంకులోకి పైపు నీళ్లు పడేచోట అలలు లేస్తాయి. రాడ్లను అక్కడ వేలాడదీస్తే అల తాకినప్పుడల్లా రిలే టకటకలాడుతుంది. అందుకని రెండంగుళాల పీవీసీ పైపులో రాడ్లను దింపి, పైపును ఎదుటి మూలన నిలబెడతారు. పైపు లోపల నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. పైన మూత బిగించేటప్పుడు చిన్న రంధ్రం వదలాలి, లేకపోతే లోపలి గాలి చిక్కుకుని నీటిని పైకి రానివ్వదు. టెర్రస్ మీది పెట్టెలోకి తీగ పక్క నుంచి నేరుగా వెళ్లకూడదు. కాస్త కిందికి వదులుగా వంగి, మళ్లీ పైకి లేచి, అడుగు నుంచి లోపలికి దూరాలి. వాన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

రాడ్లకు డీసీ కరెంటు ఇస్తే పాజిటివ్ వైపు రాడ్‌ను నీళ్లు మెల్లగా తినేస్తాయి. రాగి తీగ కొసలనే రాడ్లుగా వదిలేసినచోట పచ్చగా చిలుమెక్కి, చివరికి తెగి పడిపోతాయి. కనుక ఏసీ ఇవ్వాలి, అది కూడా 12 వోల్టులు, విడి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. కొందరు 230 వోల్టుల లైన్‌ను నేరుగా ఫ్లోట్ స్విచ్‌కే ఇచ్చి ట్యాంకులోకి దింపుతారు. కేబుల్ ఎక్కడ రాసుకుపోయినా ఆ నీళ్లన్నీ షాక్ కొడతాయి. ట్యాంకు కడగడానికి మనిషి దిగుతాడు. లైన్‌ను అలా నీళ్లలోకి దింపినవాడు ఇంకెంత చక్కగా వైరింగ్ చేసినా నేను మెచ్చుకోలేను.

రిలే విషయంలోనూ ఒక మర్యాద ఉంది. మోటర్ నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లు తీసుకుంటే, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. పది ఆంపియర్ల బుల్లి రిలేతో మోటర్‌ను నేరుగా నడిపితే నిప్పురవ్వలకు కాంటాక్టులు కరిగి అతుక్కుంటాయి. కాయిల్ వదిలినా మోటర్ ఆగదు. అందుకే బుల్లి రిలే కాంటాక్టర్ అనే పెద్ద రిలేను నడపాలి, కాంటాక్టర్ మోటర్‌ను నడపాలి. బోరు మోటర్ అయితే ఇంకో చిక్కు. దాని స్టార్టర్‌లో పచ్చ బటన్ నొక్కి ఉంచినంతసేపే స్టార్ట్ కెపాసిటర్ పనిచేస్తుంది, రెండు మూడు సెకన్లు నొక్కి వదిలేయాలి. కాబట్టి ఒక రిలే పచ్చ బటన్‌కు జోడుగా కూర్చుని అంతసేపు 'నొక్కి' వదులుతుంది, మరొకటి ఎర్ర బటన్ దారిలో కూర్చుని అవసరమైనప్పుడు తెంపుతుంది. మనిషి వేలు చేసే పనిని అంత కచ్చితంగా లెక్కగట్టడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక అలారం. ఇంత జాగ్రత్తపడ్డా కాంటాక్టర్ అతుక్కోవచ్చు. ఓవర్‌ఫ్లో పైపుకు రెండంగుళాల దిగువన, ఫ్లోట్ మోటర్‌ను ఆపే మట్టానికి పైన, మరో జత రాడ్లు బజర్ కోసమే ఉండాలి. వాటి తీగ వేరు, కరెంటు వేరు, వీలైతే బ్యాటరీ కూడా. ఏ లోపం వల్ల మోటర్ ఆగలేదో అదే లోపం అలారం నోరు కూడా మూయకూడదు కదా. బజర్ మోగేది టెర్రస్ మీద కాదు, వాచ్‌మన్ గది దగ్గర. అయితే ఈ తీగ తెగితే బజర్ మోగదు, ఆ సంగతి ఎవరికీ తెలియదు. అందుకే నెలకోసారి తడిగుడ్డతో ఆ రెండు రాడ్లనూ కలిపి, కింద మోగిందో లేదో కనుక్కోమని మేస్త్రి చెప్పి వెళ్తాడు.

బోరు నీళ్ల ఉప్పు రాడ్ల మీద తెల్లగా పేరుకుంటుంది. ట్యాంకు కడిగించినప్పుడల్లా గీకించాలి. పెట్టె తలుపు లోపలివైపు ఏ వైరు ఎక్కడికి పోతుందో చూపే బొమ్మ, వైర్ల మీద వేసిన నంబర్లు, అమర్చిన తేదీ రాసిన కాగితం అతికించి ఉంటుంది. రేపు రిపేరుకు ఇంకెవరొచ్చినా దాన్ని చూసే పని మొదలుపెట్టొచ్చు.