యాసిడ్ తిన్న గీత

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి పెయింటింగ్ సిలబస్‌లో అచ్చు చిత్రాలకు దక్కే చోటు తక్కువే. సోమనాథ్ హోర్ ‘చిల్డ్రన్’, జ్యోతి భట్ ‘దేవి’, అనుపమ్ సూద్ ‘ఆఫ్ వాల్స్’... వాటి వరసలోనే కె. లక్ష్మాగౌడ్ ‘మ్యాన్, ఉమన్ అండ్ ట్రీ’. పరీక్ష కోసం నాలుగు ముక్కలు బట్టీ పట్టి మరిచిపోయే బొమ్మ. సంగారెడ్డి జిల్లా హత్నూర పిల్లలైనా దాన్ని అలా వదిలెయ్యకూడదంటాను. లక్ష్మాగౌడ్ 1940లో పుట్టింది మెదక్ జిల్లా నిజాంపూర్‌లో. సంగారెడ్డి వేరు పడేదాకా హత్నూరదీ ఆ జిల్లానే. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. ఈ బొమ్మ ఎచింగ్, అంటే లోహపు రేకు మీద యాసిడ్‌తో గీత తొలిచి తీసిన అచ్చు. ఎచింగ్‌లో సగం పని సూదిది, సగం పని యాసిడ్‌ది. యాసిడ్ గురించి పటాన్‌చెరు ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊళ్లకు కొత్తగా చెప్పేదేముంది?

ముందు రేకు సంగతి. రాగి రేకో జింకు రేకో తీసుకుని, అంచులు ఆకురాయితో ఏటవాలుగా రాకాలి. లేకపోతే ప్రెస్సులో కాగితం చిరుగుతుంది. చాక్ పొడితో రుద్ది జిడ్డు పోగొట్టాలి. వేలిముద్ర ఉన్నా పైపూత సరిగా పట్టదు. ఆపైన మైనం, బిటుమెన్ కలిపిన పల్చటి పూత. ఆ పూతను సూదితో గీకితే లోహం బయటపడుతుంది. అప్పుడు రేకును యాసిడ్‌లో ముంచుతారు. గీత పడినచోటల్లా అది లోహాన్ని తినేస్తుంది. ఆ గాడిలో నిలిచిన సిరాయే ప్రెస్సులో కాగితానికి అంటుతుంది.

అసలు నేర్పు ఇక్కడే ఉంది. పెన్సిలైతే గట్టిగా నొక్కితే గీత లావవుతుంది. ఎచింగ్‌లో లావూ సన్నమూ తేల్చేది ఎక్కువగా యాసిడ్‌లో ఉంచిన సేపే. కొద్దిసేపు ముంచి తీసి, సన్నగా మిగలాల్సిన గీతల మీద వార్నిష్ పూసి మూసేసి, మిగతావాటి కోసం మళ్లీ ముంచాలి. ఏ గీత ముందు ఆగాలో, ఏది చివరిదాకా కాలాలో చిత్రకారుడు మనసులోనే లెక్క వేసుకోవాలి. పైగా అచ్చులో బొమ్మ తిరగబడుతుంది, కుడిచెయ్యి ఎడమచెయ్యి అవుతుంది. తప్పు గీతను గీకి, రుద్ది మాపే వీలుంది గానీ, అది చాకిరీ.

ఇదంతా తెలిశాక లక్ష్మాగౌడ్ ఎచింగుల దగ్గరికి వెళ్తే కన్ను ఆగే చోటు మారుతుంది. మనుషుల్లో తోలుబొమ్మల పోలిక, వెనక చెట్లు, మేకలు సరే. చూడాల్సింది ఆ బూడిద రంగు నీడ ఎలా వచ్చిందో. చాలాచోట్ల అది పూసిన నీడ కాదు, సన్నగీతల అల్లిక. గీతలు దగ్గరైనచోట చీకటి, ఎడమైనచోట వెలుతురు. వాటి మధ్య ఒళ్లు గీసిన గీత ఎక్కడా తడబడదు. హైదరాబాద్ ప్రభుత్వ కళాశాలలో డ్రాయింగ్ నేర్చి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రం, ముద్రణ అభ్యసించిన చెయ్యి అది. 2016లో పద్మశ్రీ వచ్చింది. నన్నడిగితే ఆయన రంగుల బొమ్మల కంటే ఈ నలుపుతెలుపులే గట్టివి.

ఎంపీసీ, బైపీసీ పిల్లలకు బొమ్మల పీరియడ్ ఉండదు. కానీ రాగి మీద నైట్రిక్ ఆమ్లం పోస్తే గోధుమరంగు పొగ వస్తుందని కెమిస్ట్రీలో చదువుతారు. ఎచింగ్ గదిలో ఊపిరితిత్తులకు ముప్పు ఆ పొగతోనే. అందుకే గాలి బయటికి లాగే ఫ్యాను, చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పవు. యాసిడ్‌ను నీళ్లలో పోయాలే గాని, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. రాగికి చాలామంది ఇప్పుడు ఫెర్రిక్ క్లోరైడ్ వాడతారు. ఆ పొగ రాదు, మరక మాత్రం వదలదు. అయితే వాడేసిన ద్రావణంలో కరిగిన రాగి ఉంటుంది. దాన్ని సింకులో పారబోస్తే ఎక్కడికి పోతుందో నక్కవాగు పక్క ఊళ్లను అడగాలి. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు ఆ నీళ్లను ఎంత పాడుచేశాయంటే, 1990లో గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తరగతి గదిలో మిగిలేది ఒక ట్రే ద్రావణమే, నిజమే. అయినా క్షారం కలిపి, అడుగున చేరిన మడ్డిని వడగట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించడం కూడా సూది పట్టుకోవడంతో పాటే నేర్పాలి.

బాధ్యత యాసిడ్ దగ్గర ఆగదు. అచ్చు కింద పెన్సిలుతో 3/20 అని ఉంటే, ఇరవై ప్రతుల్లో ఇది మూడోదని అర్థం. కొన్నవాడు ఆ అంకెను నమ్మే డబ్బిస్తాడు. ప్రెస్సులో నలిగే కొద్దీ రేకు మీది సన్నగీతలు అరిగిపోతాయి, చివరి ప్రతులు వెలవెలబోతాయి. కాబట్టి ఇరవై అయ్యాక రేకు మీద అడ్డంగా గట్టి గీత కొడతారు. కొందరు ఆ గీతతోనే ఒక అచ్చు తీసి దాచుకుంటారు, ఇక ఈ రేకు నుంచి ఇంకోటి రాదనడానికి రుజువుగా.