పాఠకుడే గెలిపించిన అంతరిక్ష యుద్ధం

1971 జూన్ సంచికతో మొదలై 1972 మార్చి సంచికతో ముగిసిన ఒక కథ గురించి అమెరికన్ కామిక్స్ అభిమానులు ఇప్పటికీ తగువు పడుతూనే ఉన్నారు. మార్వెల్ సంస్థ 'ది ఎవెంజర్స్' మాసపత్రిక 89 నుంచి 97 వరకు తొమ్మిది సంచికల్లో నడిపిన ఆ కథ పేరు క్రీ-స్క్రల్ యుద్ధం. 1983లో నాణ్యమైన కాగితం మీద రెండు భాగాలుగా మళ్లీ వచ్చింది. 2000లో ఒకే పుస్తకంగా కుట్టి అమ్మారు. తర్వాత దానికి పునర్ముద్రణలు చాలానే వచ్చాయి. సూపర్ హీరోలను న్యూయార్క్ వీధుల్లోంచి లేపి నక్షత్రాల మధ్యకు తీసుకెళ్లిన పెద్ద కథల్లో దీనిది ముందు వరుస. అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పుస్తకం ఎలా ఉందన్న దగ్గరే.

నెలనెలా కొనుక్కుని చదివిన తరం దీన్ని నెత్తిన పెట్టుకుంటుంది. ఈ రోజు పుస్తకం తెరిచి ఒక్క మధ్యాహ్నంలో ముగించేవాళ్లలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఒకటే: యుద్ధం అన్నారు కదా, యుద్ధమేదీ?

ప్రశ్న న్యాయమైనదే. క్రీ, స్క్రల్ అనేవి రెండు గ్రహాంతర సామ్రాజ్యాలు. స్క్రల్‌లు ఆకుపచ్చ ఒళ్లున్న మాయావులు, ఎవరి రూపమైనా ధరించగలరు. 1962లో 'ఫెంటాస్టిక్ ఫోర్' రెండో సంచికలో తొలిసారి కనిపించారు. క్రమశిక్షణ, అహంకారం రెండూ ఎక్కువైన సైనిక జాతి క్రీలది. వాళ్లు 1967లో అదే పత్రికలోకి అడుగుపెట్టారు. ఇద్దరినీ పుట్టించింది స్టాన్ లీ, జాక్ కర్బీ. ఈ రెండు జాతులకూ తరాల నాటి వైరం ఉందనీ, రెండు పెద్ద కామందుల గట్టు తగాదాలో నలిగే చిన్నకారు రైతు కమతంలా భూమి వాటి మధ్య ఇరుక్కుందనీ ఊహించింది రచయిత రాయ్ థామస్. అయితే నౌకాదళాలు నిజంగా ఢీకొనేది చివరి రెండు మూడు సంచికల్లోనే. మొదటి సగమంతా భూమి మీదే గడిచిపోతుంది. ఉత్తర ధ్రువ ప్రాంతంలో రోనన్ అనే క్రీ అధికారి మనుషులను ఆదిమానవుల దశకు తోసేయాలని పన్నాగం పన్నుతాడు. గ్రహాంతరవాసులు మనలో కలిసిపోయారన్న భయం పట్నాల్లో పాకుతుంది. క్రాడక్ అనే నాయకుడు విచారణ సంఘం పెట్టి ఎవెంజర్స్‌నే బోనులో నిలబెడతాడు.

యుద్ధం తక్కువ కావడం లోపమా? చదివే తీరును బట్టి జవాబు మారుతుంది. క్రాడక్ సంఘాన్ని చూసిన 1971 నాటి అమెరికన్ పాఠకుడికి 1950ల నాటి కమ్యూనిస్టు వేట వెంటనే తగిలి ఉంటుంది. పొరుగువాడు శత్రువేమోనన్న అనుమానంతో పేర్లు రాయించుకున్న రోజులు అప్పటికి మరీ పాతబడలేదు. కంటికి కనిపించే యుద్ధం కన్నా ముందు, దాని పేరు చెప్పి ఒక సమాజం తనను తాను కొరుక్కోవడం కథగా నడుస్తుంది. ఆకాశంలో పేలుళ్ల కోసం వచ్చిన పాఠకుడు నిరాశపడతాడు, నిజమే. కానీ పుస్తకంలో వయసు మీదపడని భాగం ఇదే.

ఈ పుస్తకం గురించి అభిప్రాయాలు ఇంతగా చీలడానికి మూలం తయారీ పద్ధతిలో ఉంది. అప్పట్లో మార్వెల్‌లో రచయిత పూర్తి స్క్రిప్టు రాసి ఇచ్చేవాడు కాదు. కథాసారం చెప్తే చిత్రకారుడు గళ్లు విభజించి, నడక నిర్ణయించి, బొమ్మలన్నీ గీసి పంపేవాడు. వాటి మీద రచయిత సంభాషణలు, వ్యాఖ్యానం నింపేవాడు. కాబట్టి కథ చెప్పడంలో సగం పని చిత్రకారుడిది. ఆ సగం ఈ తొమ్మిది సంచికల్లో చేతులు మారుతూ వచ్చింది. మొదటి నాలుగూ సాల్ బుసెమా గీశాడు. 93 నుంచి 96 వరకు ప్రధానంగా నీల్ ఆడమ్స్. గడువులు తప్పడంతో చివరిది సాల్ అన్నయ్య జాన్ బుసెమా చేతికి వెళ్లింది. ఏ ఆలోచన ఎవరిదన్న విషయంలో థామస్, ఆడమ్స్ తర్వాతి కాలంలో వేర్వేరు కథనాలు చెప్పారు. ఆ పద్ధతిలో పని చేసిన జంటలకు అలాంటి వాదన తప్పేది కాదు.

సాల్ బుసెమాది తేటగా చెప్పే చేయి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఎవర్ని కొట్టారు అన్నది తికమక లేకుండా తెలుస్తుంది. ఆడమ్స్ ప్రకటనల రంగం నుంచి వచ్చినవాడు. ఆయన గీసిన మనిషికి కండరం కిందా ఎముక ఉంటుంది, ముఖం మీద వెలుగు ఒక వైపు నుంచే పడుతుంది. గళ్లను నిటారుగా పేర్చడం ఆయనకు నచ్చదు. వాలుస్తాడు, చీలుస్తాడు, ఒక గడిలోని చేయి పక్క గడిలోకి చొచ్చుకొస్తుంది. టామ్ పామర్ సిరా పూత ఆ బొమ్మలకు లోతు తెచ్చింది. 92 ముగించి 93 తిప్పిన పాఠకుడికి ఒక్కసారిగా వేరే పుస్తకంలోకి వచ్చినట్టు ఉంటుంది. నెలల ఎడంలో చదివినవాళ్లకు అది పండగ. ఒక్క బిగిన చదివేవాళ్లకు కుదుపు.

ఆ 93వ సంచిక దగ్గర కాస్త ఆగాలి. 1971 నవంబరు తేదీతో మార్వెల్ తన పత్రికలను 15 సెంట్ల నుంచి 25 సెంట్లకు పెంచి, పుటలను 52 చేసింది. మరుసటి నెలకే వెనక్కి తగ్గి పాత పరిమాణంలో 20 సెంట్లకు అమ్మింది. ఈ ఒక్క నెల వ్యాపార ఎత్తుగడ పుణ్యమా అని థామస్, ఆడమ్స్‌లకు మామూలు కన్నా ఎంతో పెద్ద స్థలం దొరికింది. దాన్ని వాళ్లు అంతరిక్షంలో ఖర్చు పెట్టలేదు. విజన్ అనే కృత్రిమ మానవుడు ఎవెంజర్స్ భవనంలో కుప్పకూలతాడు. అతన్ని బతికించడానికి యాంట్ మ్యాన్ చీమంతై అతని నోట్లోంచి లోపలికి దిగుతాడు. తోడుగా వచ్చిన చీమలకు అప్పటి పాటల బృందం పేరు మీద క్రాస్బీ, స్టిల్స్, నాష్ అని పేర్లు. లోపల గుహలు, తీగలు, మీదకు వచ్చే రక్షణ కణాలు. 1966 నాటి 'ఫెంటాస్టిక్ వాయేజ్' సినిమా గుర్తుకు రాక మానదు గానీ, సినిమాలో లేనిది ఇక్కడ ఒకటుంది: ఎంత దూరం వెళ్లినా ఆ శరీరం మనిషిదో యంత్రానిదో తేలదు. గ్రహాంతర యుద్ధం పేరున్న పుస్తకంలో అతి వింతైన లోకం ఒక పాత్ర గొంతు దిగువన ఉండటం ఈ సంకలనంలోని తమాషా. పుస్తకం నచ్చనివాళ్లు కూడా ఈ పుటల మీద నోరెత్తరు.

విజన్ ఎలా కూలిపోయాడో చెప్పే భాగం మరీ తమాషా. తనను మూడు ఆవులు కాల్చి పడేశాయంటాడతను. ఇది హాస్యం కోసం వేసిన మాట కాదు. 1962 నాటి కథలో ఓడిపోయిన స్క్రల్‌లను ఆవులుగా మారమని హిప్నటైజ్ చేసి పచ్చిక బయల్లో వదిలేస్తారు. మొదట వచ్చింది నలుగురు, చివరికి తేలిన ఆవులు మూడు. తొమ్మిదేళ్ల తర్వాత థామస్ ఆ మూడు ఆవులనూ వెనక్కి రప్పించడమే కాదు, లెక్కలో తప్పిన నాలుగోవాడిని కూడా వెతికి పట్టుకున్నాడు. విచారణ సంఘం పెట్టి గ్రహాంతరవాసులను తరుముతున్న క్రాడక్ వేషంలో ఉన్నది వాడే.

ఇలాంటి లెక్కలు పెట్టుకునేది ఎవరు? పాఠకులు.

అమెరికన్ కామిక్స్‌లో ఉత్తరాల పేజీకి చాలా పనులుండేవి. తక్కువ పోస్టల్ రేటు దక్కాలంటే పత్రికలో కొంత వచనం ఉండాలన్న నిబంధన వల్ల మొదట్లో ఎవరూ చదవని చిన్న కథలు వేసేవారు. ఆ జాగాలోకి ఉత్తరాలు వచ్చాయి. డీసీ సంస్థ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ 1960ల మొదట్లో రాసినవాళ్ల పూర్తి చిరునామాలు కూడా అచ్చు వేయడంతో పాఠకులు ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టారు. మార్వెల్‌లో స్టాన్ లీ ఇంకో ఆట కనిపెట్టాడు. కథలోని తప్పును ఎత్తి చూపి, అది తప్పెందుకు కాదో కూడా తమాషాగా సమర్థించిన పాఠకుడికి 'నో-ప్రైజ్' పంపేవారు. అందంగా అచ్చేసిన కవరు వస్తుంది, లోపల ఏమీ ఉండదు. 1963లో 'ఫెంటాస్టిక్ ఫోర్' 20వ సంచికలో ఉత్తరం అచ్చయిన ఒక కుర్రాడి పేరు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' నవల రాసింది ఆయనే. ఫోటోకు వ్యాఖ్య రాసి 'చందమామ'కు కార్డు ముక్క పంపి, పేరు అచ్చయిందేమోనని మరుసటి నెల పత్రిక కోసం కాచుకున్న తెలుగు ఇళ్లకు ఆ ఆత్రం ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

రాయ్ థామస్ ఈ ఉత్తరాల లోకంలోంచే వచ్చాడు. మిసోరీ రాష్ట్రంలో ఇంగ్లిష్ మాస్టారు. 1940ల నాటి హీరోలంటే ప్రాణం. డెట్రాయిట్‌లో ఉండే జెర్రీ బెయిల్స్‌తో ఉత్తరాల ద్వారా స్నేహం కుదిరింది. 1961లో బెయిల్స్ మొదలుపెట్టిన 'ఆల్టర్ ఈగో' అనే అభిమానుల పత్రికలో చేయి కలిపాడు. 1965లో న్యూయార్క్ వచ్చి మార్వెల్‌లో ఉద్యోగంలో చేరాడు. మరుసటి ఏడాదికి ఎవెంజర్స్ కథలు ఆయన చేతిలో ఉన్నాయి. పాత సంచికలన్నీ తలలో పెట్టుకుని రాసిన తొలి తరం కామిక్స్ రచయితల్లో ఆయనొకడు. ఆ చదువు శీర్షికల్లోనూ బయటపడుతుంది. 94 నుంచి 97 వరకు నాలుగింటి పేర్లూ వరుసగా స్టర్జన్, బ్రాడ్‌బరీ, క్రైటన్, క్లార్క్‌ల పుస్తకాల పేర్లను కాస్త మెలితిప్పి పెట్టినవే. 93 పేరు 1955 నాటి 'దిస్ ఐలండ్ ఎర్త్' సినిమాకు నమస్కారం. భూమిని రెండు శక్తుల నడుమ చిన్న దీవిగా చూడటం కూడా అక్కడి నుంచి వచ్చిందే.

ఇప్పుడు అసలు తగువు, ముగింపు. నౌకాదళాలు తలపడ్డాక, ఎవెంజర్స్ నానా తంటాలు పడ్డాక, యుద్ధాన్ని ఆపేది రిక్ జోన్స్. శక్తులేమీ లేని కుర్రాడు, హీరోల వెంట తిరిగే అభిమాని. క్రీ జాతి మహామేధస్సు అతని మెదడులో నిద్రిస్తున్న శక్తిని తట్టి లేపుతుంది. రిక్ తాను చిన్నప్పుడు చదివిన కామిక్స్‌లోని పాత హీరోలను తలచుకుంటాడు. పేట్రియాట్, ఏంజెల్, బ్లేజింగ్ స్కల్ వంటి 1940ల వీరులు గాల్లోంచి ఊడిపడి శత్రువులను చితకబాదుతారు. తర్వాత ఒక్క తలపుతో రెండు సేనలూ ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. యుద్ధం సరి.

ఎనిమిది సంచికలు కూడబెట్టిన ఉత్కంఠను ఇలా ఒక్క చిటికెతో తేల్చేయడం మోసమేనని కోపగించుకునే పాఠకులున్నారు. కథ కట్టుబాటు ప్రకారం చూస్తే వాళ్లదే ఒప్పు. ఎవెంజర్స్ పడ్డ కష్టంలో ఏదీ ఈ గెలుపుకు కారణం కాదు. మహామేధస్సు వచ్చి పుటల కొద్దీ వివరించాల్సి రావడమే ముడి సరిగా పడలేదనడానికి రుజువు. పైగా స్కార్లెట్ విచ్ వంటి బలమైన పాత్ర ఎక్కువ భాగం బందీగా గడిపేస్తుంది. స్క్రల్ రాకుమారి అనెల్ తండ్రిని వేడుకోవడం తప్ప పెద్దగా చేసేది ఉండదు. చెప్పిందే చెప్పే వ్యాఖ్యానాలూ ఇప్పుడు అడ్డం పడతాయి. కిందటి నెల సంచిక దొరకని పిల్లవాడి కోసం రాసిన గుర్తుచేతలవి. పుస్తకంలో ఆ కిందటి నెల పక్క పుటలోనే ఉంటుంది.

అయినా ఈ ముగింపును కొట్టిపారేయలేం. వేరే ఏ రచయితైనా ఇక్కడ ఒక ఆయుధమో, త్యాగమో, సంధి పత్రమో తెచ్చి పెట్టేవాడు. పాత సంచికలు దాచుకున్న ఒక అభిమాని రచయిత స్థానంలోకి వచ్చి, రెండు సామ్రాజ్యాలు ఆశపడే శక్తిని తనలాంటి ఇంకో అభిమాని జ్ఞాపకంలో పెట్టాడు. కథ కోణంలో బలహీనం, రాసినవాడి కోణంలో ఇంతకన్నా నిజాయితీ ఉండదు. థామస్ నచ్చేవాళ్లకూ నచ్చనివాళ్లకూ మధ్య గీత సరిగ్గా ఇక్కడే పడుతుంది.

రంగుల సంగతి క్లుప్తంగా. మూల సంచికలు చవక న్యూస్‌ప్రింట్ మీద, నాలుగు సిరాల చుక్కల కలయికతో అచ్చయ్యాయి. బూడిద రంగు కాగితం ఆ రంగులను కొంత పీల్చుకునేది. తెల్లటి నున్నని కాగితం మీద అవే రంగులు కళ్లలో పొడుస్తాయి. పామర్ సిరా గీతలు మాత్రం మంచి కాగితం మీదే తేటగా కనిపిస్తాయి. ఏది మేలో తేల్చుకోలేక రెండూ కొనేవాళ్లు ఉన్నారు, ప్రచురణకర్తలకు అదే కావాలి.

సినిమాల మీదుగా వచ్చే కొత్త పాఠకులది మరో ఇబ్బంది. 2019 నాటి 'కెప్టెన్ మార్వెల్' సినిమాలో స్క్రల్‌లు ఇల్లు కోల్పోయిన శరణార్థులు, క్రీలు దౌర్జన్యపరులు. అది చూసి పుస్తకం పట్టినవాళ్లు స్క్రల్‌ల మీద జాలి కోసం వెతుకుతారు. ఇక్కడ జాలికి చోటు తక్కువ, రెండు పక్షాలూ దుర్మార్గమైనవే. అనెల్‌కు దక్కాల్సిన కథ తర్వాతి తరం రాసింది. 2005లో మొదలైన 'యంగ్ ఎవెంజర్స్'లోని హల్క్‌లింగ్ ఆమెకూ క్రీ వీరుడు మార్-వెల్‌కూ పుట్టిన కొడుకని తేలుతుంది. 2020 నాటి 'ఎంపైర్'లో అతనే రెండు జాతులకూ ఉమ్మడి చక్రవర్తి. ఆ కథలు చదివి వెనక్కి వచ్చినవాళ్లకు అనెల్ కనిపించే కొద్ది గళ్లూ ఇప్పుడు మరింత బరువుగా తోస్తాయి.

కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. 97వ సంచిక ముగిసేసరికి గోలియత్‌గా తిరుగుతున్న ఎవెంజర్స్ సభ్యుడు క్లింట్ బార్టన్ ఆచూకీ తెలియదు. పుస్తకం అక్కడే ఆగిపోతుంది. అతనేమయ్యాడో తెలియాలంటే బారీ స్మిత్ గీసిన 98వ సంచిక విడిగా వెతుక్కోవాలి.