అడగడం రాని బిడ్డ కోసం

పస్కా పండుగ రాత్రి యూదుల ఇళ్లలో భోజనాల బల్ల దగ్గర ఒక పుస్తకం తెరుస్తారు. దాని పేరు హగ్గదా. ఐగుప్తు రాజు ఫరో కింద వెట్టిచాకిరీ చేసిన తమ పూర్వీకులు, ఇశ్రాయేలీయులు, బయటపడిన కథ అందులో ఉంటుంది. ఈ రాత్రికి ఏమిటింత ప్రత్యేకత అని ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు అడగాలి, పెద్దలు జవాబుగా కథ చెప్పాలి. హగ్గదాలో నలుగురు పిల్లల ప్రస్తావన వస్తుంది. ఒకడు తెలివైనవాడు, ఒకడు పెడసరపువాడు, ఒకడు అమాయకుడు. నాలుగోవాడికి అసలు అడగడమే తెలియదు. వాడి విషయంలో పెద్దలే చొరవ తీసుకుని కథ మొదలుపెట్టాలి. జర్మనీలో తయారైన రెండు హగ్గదాలను చూస్తే, ఆ నాలుగో బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మలు వేశారనిపిస్తుంది.

మొదటిది దక్షిణ జర్మనీలో 1300 ప్రాంతంలో తోలు కాగితంపై చేత్తో రాసిన ‘పక్షి తలల హగ్గదా’. లేఖకుడి పేరు మెనహేమ్. ఇందులో యూదులందరికీ మనిషి శరీరం, ముక్కున్న పక్షి తల. మగవాళ్ల నెత్తిన ఆ కాలపు యూదుల మొనదేలిన టోపీ. మనిషి ముఖం గీయడానికి మత నియమం అడ్డొచ్చి చిత్రకారుడు ఈ దారి వెతుక్కున్నాడని కొందరు పండితులు అంటారు. కారణమేదైనా, ఈ తలలు చూసిన పిల్లవాడు నోరు మెదపకుండా ఉండలేడు.

పస్కాకు తినే పులియని రొట్టెల తయారీని చూపే బొమ్మలను దగ్గరగా చూడాలి. పేజీ అంచుల్లోనే పనంతా సాగుతుంటుంది. పిండి పిసికేవాళ్లు, రొట్టెకు చిల్లులు పొడిచేవాళ్లు, పొయ్యిలో పెట్టేవాళ్లు, ఎవరి పని వాళ్లదే. పిండి పులవకూడదు కాబట్టి, నీళ్లు పడ్డాక 18 నిమిషాల్లోపు కాల్చాలని నియమం. చిల్లులు పొడిచేది రొట్టె పొంగకుండా ఉండటానికి. విడి పుస్తకంగా మిగిలిన జర్మన్ యూదుల సచిత్ర హగ్గదాల్లో ఈ పక్షి తలల పుస్తకమే అతి పాతది. కార్ల్స్‌రూయే నగరంలోని మరూమ్ కుటుంబం దగ్గర ఉండేది. ఆ ఇంటి పెద్ద, రాజకీయ నాయకుడు లూడ్విగ్ మరూమ్‌ను నాజీలు 1934లో నిర్బంధ శిబిరంలో చంపేశారు. పుస్తకం 1946లో జెరూసలేం చేరింది. ఇప్పుడు ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది.

రెండోది 1933లో బెర్లిన్‌లో అచ్చయిన ‘పిల్లల హగ్గదా’. సంపాదకుడు ఏ.ఎం. జిల్బర్‌మాన్, బొమ్మలు వేసింది ఎర్విన్ జింగర్. హీబ్రూతో పాటు జర్మన్ పాఠం కూడా ఉంటుంది. అన్నిటికీ మించి కొన్ని బొమ్మలు కదులుతాయి! ఒకచోట కాగితపు పట్టీ లాగితే తర్వాత ఇశ్రాయేలీయులను నడిపించిన మోషే పసివాడిగా ఉన్న జమ్ముపెట్టె నైలు నది మీద తేలుతూ వెళ్తుంది. ఇంకోచోట లాగితే ఎర్ర సముద్రం వాళ్లను తరుముకొచ్చిన ఐగుప్తు సైన్యాన్ని ముంచేస్తుంది.

కదిలే బొమ్మల పనితనానికి మ్యూనిక్ చిత్రకారుడు లోథార్ మెగ్గెన్‌డోర్ఫర్ అప్పటికే పేరు తెచ్చాడు. ఇలాంటి బొమ్మలో పట్టీ కాగితపు పొరల మధ్య దాగి ఉంటుంది. పట్టీ జారే చీలిక వదులైతే బొమ్మ ఊగిపోతుంది, బిగుతైతే కాగితం చిరుగుతుంది. ముక్కలు అతికించి కూర్చే పనంతా చేతులదే. జిల్బర్‌మాన్, జింగర్ ఈ పనితనాన్ని సరైన ఘట్టాల్లో వాడారు. పెట్టెను కదిలించేది బిడ్డ సొంత చెయ్యి. లాగాక, అందులో ఎవరున్నారు, ఎక్కడికి పోతున్నారు అని అడగకుండా ఉంటుందా? నాలుగో బిడ్డ నోరు తెరిపించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తోచదు.

హిట్లర్ అధికారంలోకి వచ్చింది ఆ ఏడాదే. అలాంటి రోజుల్లో బానిసత్వం నుంచి విడుదలైన కథను పసిపిల్లల చేతికి ఇంత శ్రద్ధగా అందించారు. 1937లో లండన్‌లో ఇంగ్లిష్ ప్రతి వచ్చింది. తర్వాత ఎన్నోసార్లు అచ్చయింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో యూదు పిల్లల పుస్తకాలకు ప్రత్యేకించిన ప్రచురణ సంస్థ చాలాకాలం లేదు. 2010లో మిరియమ్ హాల్బర్‌స్టామ్ బెర్లిన్‌లో ‘అరియెల్లా’ సంస్థను పెట్టి ఆ లోటు తీర్చారు. యూదుల హనుక్కా పండుగకు గుర్రం కావాలని ముచ్చటపడే అమ్మాయి కథను ఆమే రాశారు.

వినాయక చవితినాడు మన పిల్లలూ అక్షతలు చేత్తో పట్టుకుని శమంతకోపాఖ్యానం వింటారు. పెద్దల చేతిలో ఉండేది ఎక్కువగా చిన్న అక్షరాల వ్రతకల్పమే. జాంబవంతుడి గుహ, మెరిసే మణి, పాలలో కనిపించిన చంద్రుడు: పట్టీ లాగి చూడదగ్గ ఘట్టాలు ఆ కథ నిండా ఉన్నాయి. మన ప్రచురణకర్తలు, చిత్రకారులు ఈ రెండు హగ్గదాలను ఒకసారి శ్రద్ధగా చూడాలి. అడగడం రాని పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు, వాళ్ల కోసం ఇలాంటి పుస్తకం తెలుగులో రావాలి.