పేరులోనే మారిపోయిన కథ

అనిరుద్ధ రాయ్ చౌదరి 2016లో తీసిన హిందీ సినిమా ‘పింక్’ని 2021లో వేణు శ్రీరామ్ ‘వకీల్ సాబ్’గా తెలుగులోకి తెచ్చారు. మధ్యలో, 2019లో, తమిళంలో ‘నేర్కొండ పార్వై’ వచ్చింది. తలెత్తి సూటిగా చూసే కొత్త స్త్రీ గురించి సుబ్రహ్మణ్య భారతి వాడిన మాట అది. అక్కడా అజిత్ కోసం ఫైటు పెట్టారు. అయినా సినిమా పేరు ఆడవాళ్ళ చూపుకే దక్కింది. తెలుగులో పేరు కూడా లాయరుగారిదే. నా అసంతృప్తి అక్కడే మొదలైంది.

‘పింక్’లో లోపాలు లేవనను. ముగ్గురు అమ్మాయిల తరఫున ఒక పెద్దాయన గంభీరంగా మాట్లాడితే తప్ప లోకం వినదా అన్న ప్రశ్న దానికీ వర్తిస్తుంది. కానీ అందులో అన్నిటికన్నా తెగువైన వాదన లాయరుది కాదు. డబ్బు తీసుకున్నారా అని గుచ్చి గుచ్చి అడుగుతుంటే విసిగిపోయిన ఫలక్, తీసుకున్నామనే అనుకోండి, ఆ తర్వాతైనా మీనల్ వద్దంది కదా అని నిలదీస్తుంది. మంచి అమ్మాయినని నిరూపించుకుంటేనే న్యాయం దొరుకుతుందన్న షరతును, తన పరువు పణంగా పెట్టి, ఒక ఆడమనిషే బద్దలు కొడుతుంది.

తెలుగులో నివేదా థామస్, అంజలి, అనన్య నాగళ్ళ నటనకు వంక పెట్టలేం. మారింది కథ బరువు. హీరోకి ప్రేమకథ, ఉద్యమ గతం, భార్యా వియోగం, ఫైట్లు వచ్చి చేరాయి. అమ్మాయిల భయం అతను తిరిగి లేచి నిలబడడానికి ఒక సందర్భమైంది. రామజోగయ్య శాస్త్రి రాసిన ‘మగువా మగువా’ పాట అలుపెరగని స్త్రీకి దండం పెడుతుంది. మరి అలిసిపోయిన స్త్రీ మాటేమిటి?

ఆడవాళ్ళు తాగితే శీలం లేనట్టు, మగవాళ్ళు తాగితే ఆరోగ్యానికి మాత్రమే చెడ్డ అన్న ద్వంద్వనీతిని ‘పింక్’ కోర్టులో నిలబెట్టింది. ‘వకీల్ సాబ్’లో హీరో తాగుడు అతని విషాదానికి అలంకారం. నెల్లూరు తీరంలో పెరిగినదాన్ని, దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేను. మా కావలికి పడమటి వైపున్న దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా వద్దన్నారు. అక్షరాస్యతా కేంద్రంలో చదివిన పాఠం వాళ్ళకి ధైర్యమిచ్చింది. ఆ ‘వద్దు’ జిల్లా అంతా పాకి సారా వేలంపాటల్ని అడ్డుకుంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దూబగుంట రోశమ్మ పేరు మనకు గుర్తుంది. ఆమె పక్కన నిలబడిన వేలమంది పేర్లు గుర్తులేవు. వాళ్ళెవరూ వకీలు వచ్చేదాకా ఆగలేదు.

పెద్ద హీరో ఉంటేనే ఇలాంటి కథ పదిమందికీ చేరుతుందంటారు. వద్దంటే వద్దనే అర్థమన్న సంగతి చేరిన మాట నిజమే. ఆ ‘వద్దు’ చెల్లాలంటే వెనక ఒక మగవాడు ఉండాలన్న సంగతీ దాంతోపాటే చేరింది. ఈ రెండోదాన్ని మనకి చెప్పడానికి రీమేక్ అక్కర్లేదు, పుట్టినప్పటి నుంచీ వింటున్నదే.