కిన్నెర బాణీకి కర్త ఎవరు?

టీవీలో విని మనసుకు పట్టిన సంగీతం ఎవరిదో తెలుసుకోవాలనిపించడం సహజం. దూరదర్శన్ సంకేత రాగం విషయంలో జవాబు సూటిగానే దొరుకుతుంది: పండిట్ రవిశంకర్, ఆయనతో పాటు షెహనాయ్ విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్. 2021 సెప్టెంబరు 2న విడుదలై ఛానళ్లన్నిటా మారుమోగిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట దగ్గర మాత్రం జవాబు చిక్కుపడుతుంది. సంగీతం తమన్‌ది, సాహిత్యం రామజోగయ్య శాస్త్రిది. పాట ఎత్తుగడలో పలికిన గొంతు దర్శనం మొగిలయ్యది. ఆయనది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట. ఆయన కిన్నెర వాయిస్తూ కథలు పాడే కళాకారుడు. పాటలో ఆయన పేరు గాయకుల వరుసలో ఉంది. కిన్నెర పనితనం తెలిసినవారికి ‘గాయకుడు’ అన్న ఆ ఒక్క మాట చాలదనిపిస్తుంది.

కిన్నెర చూడటానికి సాదాసీదా వాయిద్యం. వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరబుర్రలు, పైన తీగలు, మైనంతో అతికించిన మెట్లు. 13వ శతాబ్దపు ‘సంగీత రత్నాకరం’ కూడా కిన్నరీ వీణను వర్ణించింది కనుక దీని వంశం పాతదే. మొగిలయ్య వాయించేది 12 మెట్ల కిన్నెర. మెట్టును ఎక్కడ అతికించాలో చెప్పేది చెవే. అది గోరంత జరిగినా స్వరం మారిపోతుంది. అంటే పాట మొదలుకాకముందే, మెట్లు కుదిర్చేటప్పుడే, సగం బాణీ తయారవుతోంది. ఇక కథ మొదలయ్యాక కళాకారుడు చరణం ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ వచనంలోకి దిగాలో, ఎక్కడ గొంతు ఆపి తీగను మాట్లాడనివ్వాలో ఎదుట కూర్చున్నవాళ్లను చూసి తేల్చుకుంటాడు. పండుగ సాయన్న కథ, పానుగంటి మియాసాబ్ కథ ఏ రెండు రాత్రులూ అచ్చం ఒకేలా సాగకపోవడానికి కారణం ఇదే.

సినిమా పాటలో మాటలు వేరొకరివి, కూర్పు వేరొకరిది, మొగిలయ్య పాడారు అంతే కదా అని ఒక ఆక్షేపణ. ఆ మాటలనే స్టూడియో గాయకుడి చేత పాడించి ఉంటే అర్థం మారేది కాదు. వీరుడి పుట్టుకను ఊరి నడుమ చాటుతున్నట్టుండే ఆ ధాటి మాత్రం వచ్చేది కాదు. పాట ఎత్తుగడకు ఆయన్నే పిలిపించడంలోనే ఆ ఒప్పుకోలు ఉంది. దీనివల్ల తమన్ ప్రతిభకు వచ్చే లోటేమీ లేదు. రెండో ఆక్షేపణ ఇంకొంచెం బలమైనది: తరతరాల సొత్తుకు ఒక్కరిని కర్త అనడం మిగతావారికి అన్యాయం కాదా? నిజమే, కథలు మొగిలయ్య సృష్టించినవి కావు. కానీ సంప్రదాయం తనంతట తాను పాడదు. ఒక తరం వాయించడం ఆపితే మరుసటి తరానికి అందేది మూగబోయిన వెదురు బొంగు మాత్రమే. అందుకే మూలకర్త అనే ఒక్క మాట దగ్గర ఆగకుండా, ఈ రూపం ఇచ్చింది ఎవరని కూడా అడగాలి.

ఈ ప్రశ్న మొగిలయ్య ప్రాంతమైన పాలమూరు నేల మీద ఇంకాస్త పదునుగా వినిపిస్తుంది. గద్వాల, వనపర్తి సంస్థానాలు కవిపండితులను పిలిచి సత్కరించాయి. తిరుపతి వేంకట కవుల వంటివారి సంస్థాన యాత్రలు గ్రంథాలకెక్కాయి. అదే నేల మీద దొరలను దోచి పేదలకు పంచిన సాయన్న కథను మోసింది ఊరూరా తిరిగిన కిన్నెర కళాకారులు. వాళ్లలో ఎందరి పేర్లు మిగిలాయి? మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ రావడం ఆ బాకీలో ఒక వాయిదా. మిగతాది తీరాలంటే కథ రికార్డు చేసే ప్రతిసారీ పాడినవారి పేరు, ఊరు, మెట్లు కుదిర్చిన తీరు, ఏ రాత్రి ఏ చరణం మార్చారన్నది కూడా రాసిపెట్టాలి. ‘జానపదం’ అన్న ఒక్క ముద్ర కొట్టి వదిలేస్తే, రేపు ఆ బాణీ ఎవరిదని వెతికేవారికి సొరబుర్ర దొరుకుతుంది, మనిషి దొరకడు.