ఈలను విన్న పరిశోధకుడు

హీరో ఇంకా తెర మీదికి రాకముందే హాల్లో ఈల పడుతుంది. బూటు ఒకటి కనిపిస్తే చాలు, కాగితం ముక్కలు ఎగురుతాయి, చిల్లర తెర మీద మోగుతుంది. పలాస, టెక్కలి హాళ్లలో సినిమాలు చూసి పెరిగినవాళ్లకు ఇది తెలియనిది కాదు. పెద్దవాళ్లు దీనికి పెట్టిన పేరు పిచ్చి. ఆ మాట అనేశాక ఇక ఆలోచించడానికి ఏమీ మిగలదు. ఎస్.వి. శ్రీనివాస్ ఆలోచన మాత్రం సరిగ్గా అక్కడే మొదలైంది. 1990లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆయన పిహెచ్.డి. చేసింది తెలుగు సినిమా అభిమానుల మీద. ఆ దారిలోనే సాగిన పని 2009లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన ‘మెగాస్టార్: చిరంజీవి అండ్ తెలుగు సినిమా ఆఫ్టర్ ఎన్.టి. రామారావు’ పుస్తకమైంది.

మీడియాలో పిహెచ్.డి. చేయాలని ఉందని నందిగాం వైపు పిల్లలు ఎవరైనా అంటే, నేను ముందు చూడమనేది ఈ పుస్తకాన్నే. ఏ యూనివర్సిటీ, ఎంత ఫెలోషిప్ అన్న లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. పని అంటే ఎలా ఉంటుందో ముందు కళ్లారా చూడాలి.

ఇందులో నన్ను కట్టిపడేసింది ప్రశ్నను తిప్పి వేసిన తీరు. హీరో వీళ్లను ఎలా మాయ చేస్తున్నాడు అన్నది అందరూ అడిగేదే. శ్రీనివాస్ అటునుంచి వచ్చారు. అభిమాని హీరో దగ్గర ఏం కోరుకుంటున్నాడు? అది దక్కనప్పుడు ఏం చేస్తాడు? 1996 జనవరిలో ‘జర్నల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఐడియాస్’లో వచ్చిన ఆయన వ్యాసం శీర్షికలోనే భక్తి, ధిక్కారం రెండూ పక్కపక్కన ఉంటాయి. కటౌట్‌కు పాలాభిషేకం చేసే కుర్రాడే, కథ బాగోలేకపోతే హీరోను నిలదీస్తాడు. ఆ భక్తికి షరతులున్నాయి. మా వాడు ఇలా కనిపించాలి, ఇలా కనిపించకూడదు అని గీత గీసే హక్కు తనదేనని అభిమాని నమ్ముతాడు.

నాకు తోచిన ఉదాహరణ ఒకటి చెప్తాను. 1992లో వచ్చిన ‘ఆపద్బాంధవుడు’లో చిరంజీవి నటనకు ఉత్తమ నటుడిగా నంది వచ్చింది. వసూళ్లు మాత్రం ఆయన మాస్ సినిమాల దరిదాపులకు కూడా వెళ్లలేదు. జనానికి మంచి సినిమా అక్కర్లేదు అని పెదవి విరవడం తేలిక. శ్రీనివాస్ పుస్తకం చదివాక అలా అనడానికి నోరు రాదు. నటుడు బాగా చేశాడా లేదా అన్నది ఒక లెక్క, మా హీరో మాకు ఇవ్వాల్సింది ఇచ్చాడా అన్నది ఇంకో లెక్క. రెండో లెక్క వేసేది ముందు వరసల్లో కూర్చున్నవాళ్లు. వాళ్ల లెక్కకు కూడా ఒక తర్కం ఉందని ఒప్పుకుని దాన్ని ఓపికగా విప్పడమే ఈ పుస్తకం చేసిన పని.

హాలును చదివిన పద్ధతి కూడా అంతే శ్రద్ధగా ఉంటుంది. కులాలన్నీ ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలేనని తమిళ సమాజం గురించి కె. శివతంబి అనే పండితుడు ఎప్పుడో చెప్పారు. వినడానికి గొప్పగా ఉంటుంది, సభల్లో చప్పట్లు కూడా పడతాయి. శ్రీనివాస్ ఆ మాటను గౌరవంగా తీసుకుని, మరి లోపల సంగతేమిటి అని అడిగారు. నేల, బెంచీ, కుర్చీ అని టికెట్టు తరగతులు విడగొట్టిన చోట అందరూ ఒకటయ్యారా? టికెట్టు కొన్నవాడిని లోపలికి రానివ్వక తప్పదు. వచ్చినవాడు ఎక్కడ కూర్చోవాలో, ఎలా మసలుకోవాలో అన్నదాని మీద మాత్రం పోరు సాగుతూనే ఉంది. ఈల, కేక, గంతు ఆ పోరులో భాగమని చూడగలిగితే, చిల్లర మోగే చప్పుడు ఇంకోలా వినిపిస్తుంది.

పరిశోధనకు ఎంచుకున్న సరుకు మీద కూడా ఆయనకు చిన్నచూపు లేదు. అభిమాన సంఘాల పోస్టరు ఒకటి దగ్గరగా చూడండి. పైన హీరో నిండుగా ఉంటాడు. కింది అంచున వరసగా పాస్‌పోర్టు సైజు ముఖాలు, వాటి కింద పేర్లు, ఊరు, సంఘంలో పదవి. దువ్విన జుట్టు, పెట్టుకున్న నల్లకళ్లద్దాలు. హీరో ముఖం ఊరంతా చూసేదే. ఈ కింది ముఖాలను గోడ మీద ఇంకెవరు వేస్తారు? ఇలాంటి పోస్టర్లను, కరపత్రాలను, సంఘాల కుర్రాళ్ల మాటలను సాహిత్య పాఠంతో సమానంగా కూర్చుని చదవడం ఆ రోజుల్లో యూనివర్సిటీల్లో మామూలు సంగతి కాదు.

పుస్తకం వచ్చిన ఏడు కూడా చూడండి. 2008 ఆగస్టు 26న తిరుపతిలో చిరంజీవి పార్టీ ప్రజారాజ్యం పుట్టింది. 2009 ఎన్నికల్లో 294 స్థానాలకు 18 గెలిచింది. అలాంటి వేడిలో వచ్చిన పుస్తకం గెలుపోటముల జోస్యానికి దిగివుంటే ఆ ఏడాదితోనే పాతబడేది. సినిమాకూ రాజకీయానికీ ముడి ఎక్కడ పడుతుందో వెతికింది కాబట్టి నిలిచింది. ఒకటి ముందే చెప్పాలి. ఇంగ్లీషు గట్టిది, సిద్ధాంత పరిభాష దట్టం. పట్టుబట్టి చదవాలి.

శ్రీనివాస్ పిహెచ్.డి. చేసిన 1990లలోనే హైదరాబాద్‌లో మరో పని జరిగింది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1997లో పిహెచ్.డి. పూర్తిచేసిన రాధికా పరమేశ్వరన్, నగరంలో మిల్స్ అండ్ బూన్ ప్రేమ నవలలు చదివే అమ్మాయిల మీద పరిశోధన చేశారు. అభిమానులకు పిచ్చి అని పేరు పెడితే, ఈ అమ్మాయిలకు చెడిపోతున్నారని పెట్టారు. జానిస్ రాడ్వే 1984లో అమెరికన్ పాఠకురాళ్ల మీద రాసిన పుస్తకం అప్పటికే ఉంది. దాన్ని తెచ్చి మన అమ్మాయిలకు తొడగకుండా, ఇంగ్లీషు చదువు, పరువు, పెళ్లి అనే మన లెక్కల మధ్య ఆ నవల ఏం చేస్తోందో విన్నారు. 2001లో రాసిన వ్యాసంలో తన స్థానాన్ని కూడా పరీక్షకు పెట్టారు. నలుగురు కలిసి కూర్చున్నప్పుడు మాట్లాడిన అమ్మాయిలు ఒంటరిగా ఎందుకు జంకారు, అమెరికా నుంచి వచ్చిన తనకు వాళ్ల మీద ఉన్న పైచేయి ఏమిటి అని విప్పి రాశారు. అడిగేవాళ్ల చెయ్యి ఎక్కడుందో చూపించడం కూడా పనితనమే.

ఇలాంటి పనికి ఏళ్లు పడతాయి. ఆ ఏళ్లలో ఇంటి అద్దె, బస్సు చార్జీ, అమ్మకు పంపాల్సిన డబ్బు ఆగవు. ఫెలోషిప్ అందుకే. యూజీసీ నెట్ పరీక్షలో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ ఒక సబ్జెక్టు. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం, మొత్తం ఐదేళ్ల వరకు. వయసు 30 దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకు, క్రీమీలేయర్‌లో లేని ఓబీసీలకు, ఆడపిల్లలకు ఐదేళ్ల సడలింపు ఉంది. 2024 నుంచి జేఆర్ఎఫ్ రాకపోయినా నెట్ మార్కులు పిహెచ్.డి. ప్రవేశానికి పనికొస్తున్నాయి. ఆ సీటుతో పాటు జేఆర్ఎఫ్ డబ్బు రాదని మాత్రం తెలుసుకుని చేరాలి. అమెరికాలో అయితే ఫీజు మాఫీ చేసి, తరగతులకు సాయం చేసినందుకు జీతమిచ్చే విభాగాలున్నాయి. అప్పు చేసి మీడియా పిహెచ్.డి.కి వెళ్లవద్దని నా గట్టి మాట.

ఇక పరిశోధించడానికి ప్రశ్నలంటారా, మా పలాస వైపు ఉద్దానంలో కొదవ లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. జీడి, కొబ్బరి తోటలు నేలకూలిన ఆ రోజుల్లో వజ్రపుకొత్తూరు, మందస పల్లెల్లో కబురు ఎవరి నోట నడిచింది? ఎవరి మాట నమ్మారు? ఇక్కడి కిడ్నీ జబ్బుకు పత్రికలు ఉద్దానం పేరే పెట్టేశాక, ఆ పేరు మోస్తున్న ఊళ్లలో పెళ్లిచూపుల దగ్గర ఏం జరుగుతోంది?

అన్నిటికన్నా ముందు అడగాల్సింది జముకు వాయిస్తూ పాడి చెప్పే జముకుల కథ గురించి. బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి ఆ కథతో పల్లెలను కదిలించాడు, 1969 డిసెంబరులో అతన్ని చంపేశారు. పాడినవాడి గురించి చాలా రాశారు. ఆ రాత్రులు కింద కూర్చుని విన్నవాళ్లు ఏం విన్నారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ భయపడ్డారు? అప్పటి కుర్రాళ్లకు ఇప్పుడు ఎనభై వస్తున్నాయి. వాళ్ల దగ్గరికి వెళ్లడానికి నెట్ ఫలితాల దాకా ఆగనక్కర్లేదు. చేతిలో ఫోన్ ఉంది, మాట రికార్డు అవుతుంది.